నాయన వేళ్ల లెక్క

ఆ దినాల్లో నాకు నోరెక్కువ. గొప్పకు చెప్పేది కాదు, నగిరిలో మరమగ్గాల షెడ్డు పక్కన పుట్టిన ఎవురికైనా నోరెక్కువే. పన్నెండు మగ్గాలు టకటకలాడతా ఉంటే గొంతు యాడ వినపడతాది? నోరంతా తెరిచి, మాటను ముక్కలు ముక్కలుగా చేసి, మొగంతో మాట్లాడేవాళ్లం. మా నాయన ముప్పై ఏండ్లు ఆ షెడ్డులోనే నేసి నేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఎదుటోళ్ల నోటి ఆట చూసి మాట పట్టేసేవాడు (వీధి అవతల నుంచి కూడా పట్టేస్తాడని తెలిసేదాకా మా చుట్టాల్లో శానామంది ఇబ్బంది పడినారు).

అట్లాంటి నోరేసుకుని, డిగ్రీ అయినాక, రేణిగుంటలో విదేశాల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే ఒక ఆఫీసులో చేరినాను. చేరినానంటే చేరినట్టు కాదు. మూడు వారాలు ఇంగ్లీషు పలకడం నేర్పిస్తారు, ఆఖరి దినం పరీక్ష, గెలిస్తేనే ఉద్యోగం. లేకుంటే ఇంటికొచ్చి మాయమ్మ పక్కన కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టుకోవాల. నేర్పించే ఆయనకు గడ్డం సారని మేమే పేరు పెట్టినాం (ఆ గడ్డం మీద ఒక్క వెంట్రుక ఉంటే ఒట్టు). "గడ్డం కింద చెయ్యి పెట్టుకోండమ్మా. మాట చెప్తే గడ్డం ఎన్నిసార్లు చేతికి తగిలిందో అన్ని సిలబుల్స్" అనేది ఆయన మంత్రం. స్కూల్ అంటే ఒకటేనంట. నాకు మూడు తగిలినాయి, ఇస్కూలు! కంఫర్టబుల్‌కు నాకు నాలుగు, ఆయనకు మూడే. సెక్రటరీకి ఇంగ్లండులో మూడంట, అమెరికాలో నాలుగంట, రెండూ రైటేనంట. నాకు ఒళ్లు మండింది. "అయితే నాదీ రైటే కదా సార్, మా నగిరిలో ఇట్లనే అంటారు" అన్నాను. ఆయన నవ్వకుండా, "నగిరి నుంచి మనకు ఫోన్లు రావమ్మా" అన్నాడు.

పోతా వస్తా రైల్లో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గొణుక్కుంటా ఉంటే, పుత్తూరులో ఎక్కిన ఒక ముసలామె "పన్ను నొప్పా పాపా?" అని కొంగుముడి విప్పి లవంగం ఇచ్చింది. చెప్పుకోలేక గమ్మున నమిలినాను. ఇంటికాడ నాయన చూసి, "ఏం పాపా, గడ్డం రాలిపోతాదని పట్టుకున్నావా?" అన్నాడు. సంగతి చెప్పినాను. "ఓస్, ఇంతేనా! సెప్పు, నేను లెక్కబెడతా" అని ఎదురుగా స్టూలేసుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు ఒక ముక్క రాదు. కానీ నా గడ్డం దిగినప్పుడల్లా ఒక వేలు ఎత్తేవాడు, ఒక్కసారి కూడా తప్పేవాడు కాదు. నన్ను మోసం చేసేది నా చెవులే, ఆయనకు ఆ బాధ లేదు. రోజూ షెడ్డుకు పోయే ముందర కంఫర్టబుల్ అనిపించేవాడు. నాలుగు వేళ్లు. మళ్లీ నాలుగు. "నోరు రవ్వంత అదుపులో పెట్టుకో పాపా!" పదో దినమో ఏమో, మూడు వేళ్లే లేసినాయి. "మే, ఇట్లా రా! పాప మూడుకు దిగింది!" అని మాయమ్మను కేకేసినాడు. మాయమ్మ జ్వరం దిగిందనుకుని నా నొసలు పట్టి చూసింది.

పరీక్షలో మొదటి మాట అదే వచ్చింది. గడ్డం సారు "భేష్! ఎవరు నేర్పించినారమ్మా?" అన్నాడు. "మా నాయన సార్." "ఇంగ్లీషు మేష్టరా?" "కాదు సార్, ఆయనకు చెవులు వినపడవు." పాపం, ఆయన తన గడ్డం తానే పట్టుకున్నాడు.

రైలు దిగి ఇంటిదాకా పరిగెత్తినాను. వాకిట్లో ఉన్న నాయనతో "ఉద్యోగమొచ్చింది!" అన్నాను. ఆయన నా నోటి వంకే చూసి, ఒక చేతి అయిదు వేళ్లు, ఇంకో చేతిది ఒకటి ఎత్తినాడు. "ఆరు. కొత్త మాటా పాపా? సరిపోయిందా?" అన్నాడు.

అది తెలుగని కూడా ఆయన పోల్చుకోలేకపోయినాడు. మూడు వారాలుగా నోరు చిన్నది చేసుకుంటా పోయి, నా మాట ఆయనకు కనపడకుండా చేసుకున్నాను. ఏడుపొచ్చింది. కండ్లు తుడుచుకుని, మగ్గాల మధ్య నిలబడినట్టు నిలబడి, నోరంతా తెరిచి "ఉ... ద్యో... గం" అన్నాను. ఆయన ఎత్తిన వేళ్లన్నీ అట్లనే నా నెత్తిమీద పెట్టేసినాడు. ఆ దినం నుంచి నాకు రెండు నోర్లు, ఆఫీసుకొకటి, ఇంటికొకటి.

నాయన పోయి నాలుగేండ్లయింది. ఇప్పుడు తిరుపతిలో నేనే పిల్లకాయలకు ఇంగ్లీషు పలకడం నేర్పిస్తా ఉండాను (వెనకాల నన్ను గడ్డం మేడం అంటారని తెలుసు, అననీలే). దినమంతా మాట్లాడతానే ఉంటాను, కానీ ఆ పెద్ద నోటితో మాట్లాడేదానికి నాకు ఎవురూ లేరు. నాయన మీద బెంగ ఇప్పటికీ తీరలే. నిన్న పొద్దున తల దువ్వుకుంటా ఉంటే ఉండబట్టలేక, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మగ్గాల మీదుగా పిలిచినట్టు "నా... య... నా" అన్నాను. అద్దంలో నెరిసిన జుట్టామె ఒకతి మూడు వేళ్లు ఎత్తి, సరిపోయిందా పాపా అన్నట్టు నవ్వింది.