మెయిన్ బంద్ చేసినా ఆగని చక్రం

నిన్న మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఇనుప చక్రమొకటి దేన్నీ తాకకుండా, అయస్కాంతాల మధ్య తేలుతూ గిరగిరా తిరుగుతుంటే ఆ పిల్ల మురిసిపోయింది గానీ, నేను మాత్రం ఆ ఫోను పక్కన పెట్టించాను.

నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, వనపర్తి బయట ఒక రేకుల షెడ్డులో అలాంటి చక్రాన్నే పరీక్షించేవాళ్లం. కరెంటు ఉన్నప్పుడు దాన్ని తిప్పి పెట్టుకుని, పోయినప్పుడు ఆ వేగంలోంచే కరెంటు తీసుకోవాలని మా ఆశ. ఆ రోజుల కోతలు మీకూ గుర్తుండే ఉంటాయి. బేరింగులు అరగకూడదని చక్రాన్ని గుంతలో, ఇనుప మూత కింద, కరెంటు అయస్కాంతాలతో తేల్చి ఉంచేవాళ్లం. అక్కడ కాపలాకు మా అక్క మొగుణ్ణి, వీపనగండ్లలో సేద్యం చేసుకునే మా బావను, నేనే పెట్టించాను.

ఒక మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాయి. ఉరిమితే బోరు మోటరు కాలిపోకుండా మెయిన్ బంద్ చేయాలని మా రైతుల ఇళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. బావ మెయిన్ బంద్ చేసి, అంతటితో ఊరుకోక, ట్రాక్టరుకు చేసినట్టు, కరెంటు పోయినా అయస్కాంతాలను నడిపే బ్యాటరీల తీగలు కూడా పీకేశాడు. పట్టి ఉంచే అయస్కాంతాలు చచ్చిపోయి, చక్రం అదే వేగంతో కిందనున్న మామూలు బేరింగుల మీద పడింది.

ఆ కీచుమనే అరుపుకు రేకులు దడదడలాడాయి. నేను గుమ్మంలో, బావ అవతలి మూల బ్యాటరీల దగ్గర, మధ్యలో గుంత. మూత ఎగిరితే మనిషి దక్కడు, బయటికి రావాలంటే దాని పక్కనుంచే రావాలి, ఆపుదామంటే బంద్ చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఊళ్లో అక్కకు నెలలు నిండుతున్నాయి. శ్రీరంగాపూర్ రంగనాయకస్వామికి మొక్కుకుంటూ, రావద్దని బావకు చేతులూపుతూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన గోడకు అతుక్కుని నన్నే చూస్తూ నిలబడ్డాడు.

చివరికి అది తనంతట తానే అలిసి ఆగింది. బావ తడబడుతూ వచ్చి నా భుజం పట్టుకుని, "అన్నీ బంద్ చేస్తి గద బామ్మర్దీ, మరెందుకు ఆగలే?" అన్నాడు. అది తిరిగింది కరెంటుతో కాదు, దాచి పెట్టుకున్న వేగంతోనని చెబుతూ ఆయన్ని బయటికి నడిపించాను.

ఇప్పుడొచ్చే అలాంటి చక్రాలు కరెంటు పోతే తమ అయస్కాంతాలకు తామే కరెంటు ఇచ్చుకుంటాయట, మంచిదే. మీట నొక్కితే ఏదైనా ఆగిపోతుందని నిశ్చింతగా ఉన్న కాలం మాత్రం నాకు మళ్లీ రాలేదు. మా ఆవిడ ఎంత నవ్వినా సరే, ఫ్యాను బంద్ చేసి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆ మీట దగ్గరే నిలబడతాను.