కిటికీ అవతలి రంపం

పాత ఇనప సామాను కొనే బంగారరాజు సుత్తి పైకెత్తాడు. అది చూసి సుందరి టీచరు ఆటో ఆగకముందే దిగిపోయింది.

"ఆపవయ్యా! దాని మీద దెబ్బ పడిందంటే ఊరుకోను!"

"ఆయ్, కొట్టనండీ," అని బంగారరాజు సుత్తి కింద పెట్టేశాడు. "స్కూలువాళ్లు పాత షెడ్డు ఖాళీ చేసి పంపేరండీ. దేనికీ పనికిరాదన్నారండీ."

పనికిరాదట! కాలితో తొక్కితే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో తీగల్నీ పూలనీ కోసే రంపం మిషను అది. సుందరి తండ్రి జ్ఞానప్రకాశం ఆ బళ్లో చేతిపనుల మాస్టారు. మగపిల్లలందరికీ దాని మీదే పని నేర్పారు. ఆడపిల్లలకి కుట్లు, అల్లికలు. సుందరి అడిగింది, బతిమాలింది, ఏడ్చింది. "ఆడపిల్లవి, వేళ్లు తెగుతాయమ్మా" అంటూ ఆయన ఆమెను కిటికీ బయటే నిలబెట్టారు. తమ్ముడు శ్యామ్ బాబుని మాత్రం పిలిచి మరీ కూర్చోబెట్టారు. వాడు కూర్చున్నప్పుడల్లా ఓ బ్లేడు విరగ్గొట్టేవాడు. వాడి వేళ్లు తెగినా ఫరవాలేదు కాబోలు!

తెగుతాయన్న ఆ వేళ్లతోనే సుందరి జీవితమంతా కత్తిపీట ముందు కూర్చుని ఇంటిల్లిపాదికీ చేపలు కోసింది. అప్పుడు జాగ్రత్త అన్నవాడు ఒక్కడూ లేడు. లెక్కల టీచరుగా చేసి రిటైరయినా కిటికీ దగ్గరి కోపం చల్లారలేదు. ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఆ మిషను తన కాలితో తొక్కి, తన చేత్తో ఒక్క చెక్కయినా కోయాలి.

బంగారరాజు దగ్గర కొన్న మిషను సుందరి ఇంటి వెనక వసారాలోకి చేరింది. ఉప్పుగాలికి పేరుకుపోయిన తుప్పుని గరుకు కాగితం పెట్టి రుద్దింది. చక్రం బిగుసుకుపోయింది. నూనె పోసింది, తిట్టింది, మళ్లీ పోసింది. "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ" అన్న ప్రతివాళ్ల మీదా విరుచుకుపడింది. కుట్టుమిషను బెల్టు తెచ్చి వేస్తే చక్రం ఎట్టకేలకు తిరిగింది. ఇక బ్లేడ్లే తక్కువ.

వాటి కోసం అమలాపురం వెళ్లి, ఆ రాత్రి అక్కడే కూతురింట్లో ఉండి తిరిగొచ్చేసరికి మిషను తళతళలాడుతోంది. పక్కన బ్రష్షు పట్టుకుని శ్యామ్ బాబు. క్రిస్మస్‌కి గేటుకి వేయగా మిగిలిన సిల్వర్ పెయింటుని చక్రానికీ, ఇరుసుకీ, స్ప్రింగుకీ, నూనె పోసే కన్నానికీ దేన్నీ వదలకుండా పులిమేశాడు.

"ఎలా ఉందక్కా? స్కూలు వార్షికోత్సవంలో నాన్నగారి గుర్తుగా దీన్ని స్టేజీ మీద పెడతారంట. కొడుకుని కదా, నన్ను తొక్కి ప్రారంభించమన్నారు."

సుందరి పెడల్ మీద కాలు వేసింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తొక్కింది. అయినా కదల్లేదు.

"ఒరేయ్ దరిద్రుడా!"

వీధి వీధంతా వినిపించింది. పెయింటు డబ్బా గోడ అవతల పడింది.

"అప్పుడు నేను కూర్చోవాల్సిన చోట కూర్చున్నావు. ఇప్పుడు నేను చేసిన పని మీద రంగు పూసేవు. మళ్లీ నువ్వే తొక్కుతావా? తాతవయ్యేవు, సిగ్గు లేదూ? కూర్చో. గీకు!"

శ్యామ్ బాబు కూర్చుని గీకాడు. నూనె పోసే కన్నంలోని రంగుని పిన్నీసుతో ఆమే తీసింది. ఆ పని మాత్రం వాడికి వదల్లేదు.

చక్రం మళ్లీ తిరిగిన రోజున పల్చటి చెక్క మీద క్రిస్మస్ నక్షత్రం గీసుకుని సుందరి మిషను ముందు కూర్చుంది. మొదటి బ్లేడు విరిగింది. తమ్ముడి వైపు ఒక్క చూపు చూసి ఇంకోటి బిగించింది. ఈసారి బ్లేడు గీత వెంట నడిచింది. ఓ కొన వంకర పోయింది కానీ నక్షత్రం ఊడి ఆమె ఒళ్లో పడింది. వేళ్లన్నీ ఉన్నాయి.

శ్యామ్ బాబు కళ్లు తుడుచుకున్నాడు. "నాన్నగారు ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో అక్కా!"

"నాన్నగారు ఉండి ఉంటే నన్ను లేవమనేవారురా," అంది సుందరి. ఇంకో చెక్క అందుకుని పెడల్ తొక్కింది.