పులిహోర డబ్బా

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉండే లక్ష్మీపతి కొత్తిమీర కట్ట కొన్నా రసీదు రెండుసార్లు చూస్తాడు. ఖాళీ పెరుగు డబ్బాలు కడిగి దాస్తాడు. అలాంటివాడు రిటైర్మెంట్ డబ్బంతా కంపెనీ ప్లాన్ నుంచి తీసి, సొంతంగా చూసుకునే అకౌంట్‌లోకి మార్చేటప్పుడు మాత్రం ఖర్చెంతో అడగలేదు. మార్పించింది అలాంటి అకౌంట్లు అమ్మే స్నేహితుడు శశికాంత్. సత్యనారాయణ వ్రతానికి పిలిచి, ప్రసాదం పెట్టి, సంతకం పెట్టించుకున్నవాణ్ణి ఫీజెంతని అడిగితే ఏం బావుంటుంది? ఇప్పుడు డబ్బు మార్చినందుకు ఫీజు, ఉంచినందుకు ఏటా ఫీజు, తీసేస్తానన్నా ఫీజే.

ఆదివారం ఆ శశికాంతే భోజనానికొచ్చి, వేళ్లు నాక్కుంటూ, "ఫీజులు నార్మలే అన్నా, లాంగ్ టర్మ్‌లో కవర్ అయిపోతాయి" అని త్రేన్చాడు. లక్ష్మీపతికి వాడి మీదో, వాడికి మళ్లీ నెయ్యి వడ్డిస్తున్న తన చేతి మీదో తెలియని అసహ్యం. మిగిలిన పులిహోర ఓ పెరుగు డబ్బాలో పెట్టిచ్చి, గుమ్మం దగ్గర ధైర్యం కూడగట్టుకుని నోరు విప్పాడు.

"డబ్బా మాత్రం మర్చిపోకుండా తెచ్చివ్వు తమ్ముడూ."