రాహేలు సైరన్

ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో జలీల్ సేటుకు ఇనుప బీరువాలు చేసే షెడ్డు ఉండేది. రేకు కోసే మిషను, వంచే మిషను, వెల్డింగ్ మిషన్లు అన్నీ కలిసి నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి మాటే వినపడదు. ఇక మసీదులో అజాన్ ఏం వినపడుతుంది? రంజాన్ నెలలో పనివాళ్లు చేతి గడియారాలు చూసుకుంటూ, ఒకరి గడియారం ముందు, ఒకరిది వెనక అయ్యి, అనుమానంతోనే రోజా విడిచేవారు.

ఆ అనుమానం తీర్చింది రాహేలు. రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. డిగ్రీ మధ్యలో ఆపేసి, కంప్యూటర్ కోర్సు చేసి, సేటు దగ్గర బిల్లులు కొట్టే పనికి కుదిరింది. నెమ్మది మనిషి. రంజాన్ నెలలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా చప్పుడు కాకుండా తీసేది, ఆఫీసు గది తలుపు దగ్గరికి వేసుకొని. రెండు వేల నాలుగులో ఆమె కంప్యూటర్‌లో ఒక బ్యాచ్ ఫైలు రాసింది. అదేమంత పెద్ద విద్య కాదు. చేయాల్సిన పనులు వరసగా రాసిపెడితే కంప్యూటర్ వాటిని చదువుకుంటూ చేసుకుపోతుంది. ఈ ఫైలు రోజూ సాయంత్రం తనంతట తానే మొదలై, ఇవాళ ఏ తేదీ అని చూసుకొని, ఆ తేదీకి ఎదురుగా ఉన్న సమయం కాగానే సైరన్ మోగించేది. కప్పుకు బిగించిన లౌడ్‌స్పీకర్ కూత ముందు మిషన్ల చప్పుడు ఏ మూలకూ చాలేది కాదు.

ఆ సంవత్సరం మసీదువాళ్లు అచ్చేసిన కార్డు ముందు పెట్టుకొని, ఒక్కో రోజా సమయం వేలు పెట్టి చూసుకుంటూ ఎక్కించింది. నెలంతా సైరన్ తప్పలేదు. పనివాళ్లు దానికి 'రాహేలు సైరన్' అని పేరు పెట్టారు. పెద్ద వెల్డరు గౌస్ చాచా రోజూ మొదటి ఖర్జూరం ఆమెకే ఇప్పించేవాడు. సందులో నడుస్తుంటే పక్క షెడ్డు వాళ్లు కూడా "సైరన్ మేడం" అనేవారు. రాహేలు తల వంచుకొనే నడిచేది గానీ లోపల మాత్రం ఆ మాట తియ్యగానే ఉండేది.

మరుసటేడు రంజాన్ దగ్గర పడింది. సేటు కొత్త కార్డు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"సబ్ సెట్ హై నా, బేటీ?"

"అయిపోయింది సేట్. తేదీలు మార్చిన."

నిజంగానే తేదీలు మార్చింది. ఒకటో రోజాకు సైరన్ ఎప్పుడు మోగాలో పోయినేడే రాసి ఉంది కదా, ఆ ఒకటో రోజా ఈసారి ఏ తేదీన పడుతుందో అది దిద్దితే చాలనుకుంది. ఆమెకు తెలిసిన పెద్ద పండుగ క్రిస్మస్. ఏటా అదే తేదీ, అదే చలి, అదే వేళకు చీకటి. రంజాన్ ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని తెలుసు. జరిగితే పొద్దు గుంకే వేళ కూడా మారుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు. కార్డు బల్ల మీదే ఉంది. దాని మీద బిల్లు పుస్తకం పెట్టింది.

ఒకటో రోజా సాయంత్రం సైరన్ మోగింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పరిచిన గుడ్డ చుట్టూ అందరూ కూర్చున్నారు. ఖర్జూరాలు, అరటిపండు ముక్కలు, మంచినీళ్లు. రాహేలు ఆఫీసు గడప మీద నిలబడి చూస్తోంది. గౌస్ చాచా షుగరున్న మనిషి. పొద్దంతా నోరెండి ఉన్నాడు. అయినా ఖర్జూరం చేతిలో పట్టుకొని ఒకసారి గేటు వైపు చూశాడు.

"ఇంకా వెలుతురు మస్తుంది గదరా."

కుర్ర వెల్డరు అన్వర్ నవ్వాడు. "రాహేలక్క సైరన్ గలత్ ఎట్లయితది చాచా? నువ్వు తిను."

చాచా దువా చదువుకొని తిన్నాడు. అందరూ తిన్నారు. నీళ్లు తాగారు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో, కొంతసేపటికి, మసీదు నుంచి అజాన్ మొదలైంది.

నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. ఎవరో లేచి వెళ్లి ఉమ్మేసి వచ్చారు. గౌస్ చాచా అరచేతిలోని గింజ వైపు చూస్తూ కూర్చున్నాడు. రోజా మొత్తం పోయినట్టే. అది మళ్లీ ఇంకో రోజు ఉండి తీర్చుకోవాలి.

రాహేలు గదిలోకి పరుగెత్తింది. కొత్త కార్డు తీసి తెర మీది అంకెల పక్కన పెట్టగానే తెలిసిపోయింది. వెనకే వచ్చిన సేటు ఆమె ముఖం చూశాడు. గడపలోకి వెళ్లి షెడ్డంతా వినపడేట్టు అన్నాడు:

"మధ్యల కరెంట్ పోయింది భాయ్. కంప్యూటర్ టైమ్ ఖరాబయింది. రాహేలుది ఏం తప్పు లేదు."

అవునని గానీ కాదని గానీ రాహేలు అనలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని మూసుకుంది. ఏడుపు కాదు అసలు కారణం. ఆ అబద్ధం ఆమెకు నీడలా చల్లగా అనిపించింది, అందులో నిలబడిపోయింది.

ఆ రాత్రే కార్డు చూసి సమయాలన్నీ దిద్దింది. మర్నాడు సైరన్ సరిగ్గా మోగింది. మిషన్లు ఆగాయి. ఖర్జూరాలు చేతుల్లోకి తీసుకున్నారు. ఒక్కరూ నోట పెట్టలేదు. అజాన్ వినపడేదాకా అలాగే కూర్చున్నారు. నెలంతా అంతే. సైరన్ ఇప్పుడు మిషన్లు ఆపమని చెప్పడానికి మాత్రమే పనికొచ్చింది. మొదటి ఖర్జూరం మాత్రం రోజూ ఆమెకు వస్తూనే ఉంది. ఆమె దాన్ని కాగితంలో చుట్టి సొరుగులో పెట్టేసేది. ఆ సందులో ఎవరైనా "సైరన్ మేడం" అంటే చున్నీ సర్దుకుంటూ అడుగు వేగం పెంచేది.

రంజాన్ పోయింది. చలికాలం వచ్చింది. ఒకరోజు టీ తెచ్చినవాడు గౌస్ చాచాకు గ్లాసు ఇవ్వబోతే ఆయన వద్దన్నాడు.

"రోజా ఉన్న."

బిల్లు మీద సంతకానికి వచ్చిన రాహేలు, "ఇప్పుడేం రోజా చాచా?" అంది. అడిగాక తెలిసింది అది ఏ రోజాయో.

"ఆ దినంది ఉండిపాయె గద. షుగర్ దవాఖాన్ల తిరుగుడే అయింది, ఇయ్యాల కుదిరింది."

రాహేలు కాగితం మడతలు పెడుతూ నిలబడింది. చివరికి, "చాచా, ఆ దినం కరెంటు పోలే. పోయినేడు టైములే ఉంచేసిన. నేనే జేసిన తప్పు," అంది.

చాచా నవ్వాడు. "నాకెర్క లేదా బేటీ? కరెంట్ పోతే నా వెల్డింగ్ మిషన్ దేనితోని నడిసింది? హవాతోనా?"

ఆ మాట ఇన్నాళ్లూ ఆమెకు తోచనే లేదు. షెడ్డులో కరెంటు ఉందో పోయిందో అందరికంటే ముందు తెలిసేది వెల్డర్లకే.

"అందరికీ ఎర్కేనా?"

"అందరికెర్కనే. అన్వర్‌గాడైతే సేట్ లెక్క నడుముల మీద చేతులు పెట్టి, 'కరెంట్ పోయింది భాయ్' అనుకుంట తిరుగుతుండె. నేనే తిట్టి ఊకో అన్న."

"మరి నన్నెవ్వరూ ఒక్క మాటనలే."

"ఏమంటం? నువ్వే చెప్తవని చూసినం."

రాహేలు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు నెలలుగా దాచానని అనుకున్నది, అందరి కళ్ల ముందూ పరిచి పెట్టి ఉంది. ఆ పక్క నుంచే రోజూ తనకు వందనాలు పెడుతూ పోయారు వాళ్లు.

"సరే గని, ఇయ్యాల ఇఫ్తార్ ఎంతకు? నీ కంప్యూటర్ల చూసి చెప్పు," అన్నాడు చాచా, మిషను ముందు మళ్లీ కూర్చుంటూ.

ఆమె ఫైల్లో రంజాన్ తేదీలే ఉన్నాయి. ఈ రోజుకు ఎదురుగా ఏ సమయమూ లేదు. ఆ మాట చెప్పడానికీ సిగ్గేసింది. "చూసొస్త," అని బయటికి నడిచింది.

సందు చివర మసీదు ఎదురుగా, కిరాణా కొట్టు అరుగు పక్కన నిలబడింది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారు. చలిగాలికి చున్నీ బిగించుకుంది. ఆకాశం ఎర్రబడి, ఆ ఎరుపు కూడా ఆరిపోయింది. అజాన్ మొదలైనా ఆమె కదల్లేదు. చివరి మాట దాకా విని, అప్పుడు షెడ్డుకు తిరిగి వచ్చింది. ఆలస్యమైందని తెలుసు.

"అయింది చాచా."

గౌస్ చాచా ఈసారి గేటు వైపు చూడలేదు. గ్లాసెత్తి నీళ్లు తాగాడు.