కత్తెరక్క తమ్ముడి మాత్రలు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం పత్రంలో తప్ప ఎక్కడా కనిపించదు. అందరికీ ఆమె కత్తెరక్కే. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ముప్ఫై ఏళ్లుగా కటింగు ఆమె పని. బల్ల మీద నలభై పొరల గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కటింగు మిషను చేతిలోకి తీసుకుందంటే నలభై చొక్కాల చేతులు ఒక్కసారే తెగి పక్కన పడతాయి. ఒక్కటి కూడా వంకర పోదు. పేరు మాత్రం అందుకు రాలేదు, ఆమె నోటిని బట్టి వచ్చింది. సూపర్‌వైజరు మొదలుకొని గేటు కాపలాదారు వరకూ ఆ నోట్లో పడనివాళ్లు లేరు. పడ్డవాళ్లే కష్టమొస్తే మళ్లీ ఆమె దగ్గరికే పోతారు.

భర్త పోయాక తమ్ముడి పంచన చేరమని అందరూ చెప్పారు. ఆమె తమ్ముణ్ణే తెచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. అతను సిటీ బస్సు డ్రైవరు. పెళ్లి మాటెత్తితే చూద్దాంలే అంటూ నలభై ఎనిమిదేళ్లు లాగించేశాడు. మాట తక్కువ మనిషి. ఇద్దరి వాటా అక్కే మాట్లాడేస్తుందని ఇరుగుపొరుగు వేళాకోళం. జీవితం మొత్తం మీద అతను గొప్పగా చెప్పుకున్నది ఒక్కటే, డీజిలు పొదుపు చేసినందుకు డిపోలో మూడుసార్లు బహుమతి కొట్టాడు. పల్లం కనిపిస్తే పెడలు మీంచి కాలు తీసేవాడు. సిగ్నలు పడుతుందని దూరం నుంచే పసిగట్టి బండిని దానంతటదే దొర్లనిచ్చేవాడు. ఇతను తాగే నీళ్లు కూడా కొలుచుకుని తాగుతాడని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవాళ్లు.

రెండేళ్ల కిందట అతని రక్తంలో క్యాన్సరు బయటపడింది. ఇంజక్షన్లూ ఆసుపత్రి మంచాలూ అక్కర్లేదని, మాత్రలతోనే అదుపులో పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. రోజూ అన్నం తిన్నాక రెండు మాత్రలు, ఒక్క రోజు కూడా తప్పకూడదు. డిపోవాళ్లు స్టీరింగు తీసేసుకుని, వచ్చే పోయే బస్సుల టైము రాసే పనిలో కూర్చోబెట్టారు. జీతం తగ్గింది. మాత్రలకు కత్తెరక్క జీతంలో సగం పోయేది. పోతే పోయింది, మనిషి నిలబడ్డాడు, రక్తంలో జబ్బు కణాల లెక్కలు దిగివచ్చాయి. ఆ రోజుల్లో ఆమె తిట్లలో కూడా కాస్త తీపి ఉండేదని కార్ఖానాలో చెప్పుకునేవాళ్లు.

తర్వాత మందు దొరకడం మానేసింది. ఎందుకని అడిగితే తలో మాటా చెప్పారు. ముడిసరుకు రావడం లేదని ఒకరు, ఫ్యాక్టరీకి మరమ్మతులని ఇంకొకరు, లాభం లేని సరుకు కాబట్టి తయారీ తగ్గించారని మూడోవారు. ఏది నిజమైనా తిరిగింది మాత్రం కత్తెరక్కే. సగం పూట సెలవు పెట్టి ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు, అక్కణ్ణుంచి ఊరి చివర హోల్‌సేల్ గోడౌనుకు కాళ్లరిగేలా తిరిగింది. ఒకచోట లేవన్నవాడే, ఆమె వెనక నిలబడ్డ ఖరీదైన బూట్లాయనకు బల్ల కింద నుంచి పెట్టె తీసి ఇచ్చాడు. అప్పుడామె రేగిపోయింది చూడండి, వీధిలో పోయేవాళ్లు కూడా ఆగారు. "బాబూ, బల్ల కింద ఉంటే ఉన్నట్టా, లేనట్టా? మా తమ్ముడి రక్తం నీకు రక్తంలా కనపళ్లేదా?" అతగాడు నదురూ బెదురూ లేకుండా చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

చివరికి ఒక పెద్ద మందుల దుకాణం కొత్త పద్ధతి పెట్టింది. పాత నెల ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపిస్తేనే కొత్త నెల మాత్రలు ఇస్తారు, ఎవరూ దాచుకోకుండా. పద్ధతి ఆమెకు నచ్చింది. నెల నెలా తమ్ముడు ఆరు ఖాళీ స్ట్రిప్పులు లెక్కగా ఆమె చేతిలో పెట్టేవాడు. ఆమె వాటిని పట్టుకుని తెల్లారకముందే వెళ్లి వరుసలో నిలబడేది. ఎండకు ఒకసారి కళ్లు తిరిగి కింద పడింది కూడా. లేచి మళ్లీ తన చోట్లోనే నిలబడింది, ఆ చోటు కోసం వెనకామెతో గొడవ పడి మరీ.

ఇంత చేస్తే, మూడు నెలల పరీక్షలో లెక్కలు పెరిగి వచ్చాయి.

"మాత్రలు రోజూ రెండూ వేసుకుంటున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

తమ్ముడు నోరు తెరిచాడు. అక్క అందుకుంది.

"వేసుకోక ఏం చేస్తాడమ్మా? ఊరంతా గాలించి తెస్తున్నది నేను. ఖాళీ స్ట్రిప్పులు కొట్లో అప్పజెబుతున్నదీ నేనే. మొహం కడుక్కోవడం మరుస్తాడేమో గానీ మాత్ర మరవడు."

తమ్ముడు నోరు మూసుకున్నాడు.

"అయితే ఈ మందుకు జబ్బు లొంగడం మానేసినట్టే" అంది డాక్టరమ్మ. "రెండో మందుకు మారాలి. దాని ఖరీదు నాలుగింతలు. ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టండి, ఆయన జీతం పత్రం జత చేసి. ఒక్క మాట ముందే చెబుతున్నా. ఆ మందు కూడా పనిచెయ్యకపోతే, ఆ తర్వాత నా దగ్గర ఇంకేమీ లేదు."

ఆ సాయంత్రం జీతం పత్రం కోసం ఆమె తమ్ముడి డిపో సంచి తీసింది. అడుగున ఏదో గలగలమంది. పాత తేనె సీసా. దాన్నిండా మాత్రలు. బల్ల మీద గుమ్మరించి లెక్క పెట్టింది. డెబ్భై రెండు.

"ఏమిట్రా ఇవి?"

అతను చెయ్యి చాపి మాత్రలు మళ్లీ సీసాలోకి ఎత్తబోయాడు.

"ఒరేయ్, నిన్నే!"

"నావేనక్కా. రోజుకొకటి వేసుకుని రెండోది దాస్తున్నా. స్ట్రిప్పు ఖాళీ చేసి నీకిచ్చేవాణ్ణి."

"ఎందుకు?"

"రేపు అసలుకే దొరక్కపోతే? ట్యాంకులో తక్కువుందని తెలిశాక ఎవరైనా ఫుల్లుగా తొక్కుతారా? మెల్లగా నడిపితే దూరం వస్తుంది కదా."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు.

"నువ్వు బస్సువా? దూరం వస్తుందా? వచ్చిందా దూరం? లోపల జబ్బు మళ్లీ లేచి కూర్చుంది, అదీ వచ్చింది! ఎవడిచ్చాడురా నీకా బహుమతులు? వాణ్ణి తీసుకురా, వాణ్ణి కూడా కడిగేస్తా!"

"నువ్వు వరుసలో పడిపోయావని డిపోలో ఎవరో చెప్పారు. నాకు చెప్పలేదు నువ్వు. రెండు నెలలకు సరిపడా పోగుచేస్తే కొన్నాళ్లు ఇంటిపట్టున ఉంటావనుకున్నా."

"అడిగానా? అలిసిపోయానని నీతో అన్నానా? నా కాళ్ల నొప్పి తగ్గించడానికి సగం సగం చావమని నేనడిగానా నిన్ను?" ఆమె బల్ల మీద చరిచింది, మాత్రలు ఎగిరిపడ్డాయి. "పొద్దున డాక్టరమ్మ అడిగినప్పుడు నీ నోటికేం రోగమొచ్చింది?"

"చెబుదామనే నోరు తెరిచా. నువ్వు చెప్పేశావు."

ఆమె కుర్చీలో కూలబడి, బల్ల మీది మాత్రలు ఒక్కొక్కటే సీసాలోకి వెయ్యసాగింది. తన మీద తనకు వచ్చిన కోపాన్ని ఎవరి మీద పడెయ్యాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు ఇద్దరూ సీసా పట్టుకుని డాక్టరమ్మ ముందు నిలబడ్డారు. ఆవిడ విని, కొత్త మందు చీటీ చించేసింది. పాతదే పూర్తిగా వేసుకోవాలి, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దామంది. కత్తెరక్క సీసా ముందుకు జరిపింది.

"ముప్ఫై ఆరు రోజులకు ఉన్నాయమ్మా."

"స్ట్రిప్పులోంచి తీసి ఇన్నాళ్లయిందా? ఎక్కడ పెట్టారు?"

"డిపోలో. రేకుల గదిలో" అన్నాడు తమ్ముడు.

"ఆ వేడికి, ఆ ఉక్కకు ఇవి పాడైపోయి ఉంటాయి. వీటిని నమ్ముకోవద్దు." నర్సు వచ్చి సీసా తీసుకెళ్లి, పాడైన మందులు వేసే డబ్బాలో వంచేసింది.

డెబ్భై రెండు మాత్రలు. ఒక్కొక్కదానికీ ఆమె నిలబడింది, తిట్టింది, తిట్లు తిన్నది. ఇవి పాడైపోయినందుకు తమ్ముణ్ణి తప్పు పట్టడం తేలిక. కానీ మందు మామూలుగా దొరికే లోకంలో ఏ మనిషైనా తన మాత్రలు తనే దొంగిలించుకుంటాడా? లాభం చాలదని తయారీ తగ్గించినవాడు, బల్ల కింద పెట్టె దాచినవాడు, వాళ్లు సుఖంగానే ఉన్నారు. అక్కాతమ్ముళ్లు మాత్రం ఒకరినొకరు దోషుల్లా చూసుకుంటూ ఆసుపత్రి వరండాలో నిలబడ్డారు. ఇది తలుచుకుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మండకపోతే ఆ ఒంట్లో ఏదో లోపమున్నట్టే.

ఇంక ఒక్క స్ట్రిప్పే మిగిలింది. అతను క్యారేజీలో అన్నం తిన్నాక, ఆమె రెండు మాత్రలు తీసి అతని చేతిలో వేసింది.

"అక్కా, పదే ఉన్నాయి. ఇవాళ్టికి ఒకటి..."

"రెండూ."

మింగాడు.

"నోరు తెరు."

"అందరూ చూస్తున్నారక్కా."

"చూడనీ. తెరు."

తెరిచాడు. ఆమె వంగి బుగ్గల లోపలిదాకా చూసి తలూపింది.

అక్కణ్ణుంచి నేరుగా మందుల దుకాణానికి వెళ్లారు. గంటన్నర వరుస. కిటికీ దగ్గరికి చేరేసరికి అలవాటుగా ఆమె నోరు లేచింది. పళ్లు బిగబట్టి పక్కకు జరిగి, తమ్ముణ్ణి ముందుకు తోసింది.

"నాలుగు రోజులకే ఉన్నాయండీ" అన్నాడు అతను.

"ఆరు ఖాళీ స్ట్రిప్పులూ తెస్తేనే ఇస్తాం. పైగా స్టాకు లేదు. పై వారం రండి" అన్నాడు లోపలివాడు, తలెత్తకుండా. "తర్వాత ఎవరు?"

అతను జరగలేదు. చెవులు ఎర్రబడ్డాయి. అక్క వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. అప్పుడు అతను రెండు చేతులూ కిటికీ గట్టు మీద ఆనించి, వరుస చివరిదాకా వినపడేలా అడిగాడు:

"జబ్బు నాకండీ. తలెత్తి నా మొహం చూసి చెప్పండి. ఐదో రోజు నేనేం మింగాలి?"