బియ్యం నిండుకున్నాయి

‘ష్రింకేజ్’ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సప్లయ్ చైన్ పాఠాల్లో మొదట్లోనే వస్తుందీ మాట. లెక్కలో ఉండి అరలో లేని సరుకుని అలా అంటారు. ఎలుకలు తిన్నా, తడిసి పాడైనా, ఎవరైనా ఎత్తుకెళ్లినా అన్నిటికీ అదే పేరు. ఎదుటిమనిషిని దొంగ అని నోరు తెరిచి అనలేని పెద్దమనుషులు కనిపెట్టుకున్న మాట. నేనూ దాన్ని బోర్డు మీద రాసి, కింద గీత గీసి పిల్లలకి చెప్పినదాన్నే. దాని కింద ఒక మనిషి నలిగేదాకా దాని బరువు నాకు తెలియలేదు.

అప్పుడు నేను పంజాగుట్టలో ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చీరల షాపు పైన నాలుగో అంతస్తు. మా గైడ్‌ది గుంటూరు. అయినా టీ తెచ్చే ఆయనతో కూడా ఇంగ్లీషే. నాకు ఆయనంటే మొదట్నుంచీ గిట్టదు, ఆయనకి నేనంటే అంతకంటే గిట్టదు. ఎండలో తిరిగేది నేను, పేపర్ మీద మొదటి పేరు ఆయనది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ పేపర్లలో రెండో పేరుని తన స్నేహితులకి పంచిపెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

మా పరిశోధన అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టళ్ల మీద. కోచింగులకొచ్చే అమ్మాయిలు ఉండే హాస్టళ్లు ఆరు, అన్నీ ఒకే కంపెనీవి. వాటికి సరుకు సనత్‌నగర్‌లో ఉన్న గోడౌన్ నుంచి వ్యానులో వస్తుంది. వంటింట్లో ఏ సరుకు ఎప్పుడు అయిపోతుంది, మళ్లీ వచ్చేసరికి ఎంత ఆలస్యమవుతుంది, ఆ మధ్యలో ఏం వండుతారు, ఇదీ మేం తేల్చాల్సింది. వంటవాళ్లకి ఫారాలు నింపే తీరిక ఎక్కడిది? అందుకని రోజూ సాయంత్రం ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టమన్నాం. ‘ఏ సరుకు ఎలా ఉందో ఒక్క ముక్క చెప్పండి, చాలు’ అని నేనే ఆరు వంటిళ్లకీ తిరిగి చెప్పాను.

నాలుగో హాస్టల్లో వండే ఆవిడది పాలకొల్లు దగ్గర పల్లె. యాభై దాటి ఉంటాయి. హాస్టల్ పిల్లలందరికీ ఆంటీ, నేను పిన్నిగారూ అనేదాన్ని. నేను వెళ్లిన రోజు దోసె వేసి పెట్టి, తినేదాకా ఫోనులో మాట్లాడటం నేర్చుకోనంది. నేర్చుకున్నాక ఒక్క రోజు కూడా మానలేదు. మిగతా ఐదు వంటిళ్లవాళ్లూ వారానికి రెండు రోజులు మర్చిపోయేవారు.

నెలల తరబడి కుప్పపడిన ఆ మెసేజ్‌లని ఎవరు వినాలి? నేనే వినాలి. వినలేదు. అమీర్‌పేటలోనే ఒక ట్రాన్స్‌లేషన్ సెంటర్‌కి ఇచ్చేశాను. వాళ్లు ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఇంగ్లీషులోకి తిప్పి, పట్టీలా తయారుచేసి పంపారు. ప్రతి పేజీ కింద ‘సరిచూసినవారు’ అని ఒక గడి. మెట్రోలో కూర్చుని, అన్ని పేజీల మీదా గబగబా సంతకాలు గీకేశాను. ఒక్క మెసేజ్ కూడా వినలేదు. ఇది ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరో చెప్పారని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

పట్టీ చూసి మా గైడ్ ముఖం వెలిగిపోయింది. ఐదు వంటిళ్లలో సరుకు అయిపోయినప్పుడల్లా మర్నాడు గోడౌన్‌కి చీటీ వెళ్లింది. నాలుగో వంటింట్లో మాత్రం బియ్యం ఫుల్, కందిపప్పు ఫుల్, నూనె ఫుల్. మర్నాడే మళ్లీ బియ్యం, కందిపప్పు, నూనె పంపమని చీటీ. ‘సరుకు నిండా ఉంటే మళ్లీ ఎందుకు అడుగుతుంది? ఎక్కడికి పోతోంది? అవుట్‌లయర్ ఉన్నచోటే పేపర్ ఉంటుంది,’ అన్నారాయన ఇంగ్లీషులో. అందరిలోకీ తేడాగా కనపడేదాన్ని అవుట్‌లయర్ అంటారు. వారంలో ష్రింకేజ్ మీద ఒక మోడల్ కట్టేశారు. పేపర్‌ని జర్నల్‌కీ, రిపోర్ట్‌ని హాస్టళ్ల కంపెనీకీ పంపేశారు. రిపోర్ట్‌లో ఎవరి పేరూ లేదు, ‘కిచెన్ ఫోర్’ అని మాత్రమే ఉంది. కిచెన్ ఫోర్‌లో వండే మనిషి ఒక్కర్తే కదా, పేరెందుకు?

రెండు వారాల తర్వాత ఏదో చిన్న వివరం కోసం ఆ హాస్టల్‌కి వెళ్తే వంటింట్లో వేరే మనిషి ఉంది. మేనేజర్ ఎదురొచ్చి చెయ్యి కలిపినంత పని చేశాడు. ‘మీ రిపోర్ట్‌తోనే దొరకవట్టినం మేడం. మస్తు పని చేసిన్రు. పొద్దుగాల టిఫిన్ టైంల అందరి ముంగట బ్యాగు ఇప్పించిన.’

‘బ్యాగులో ఏముంది?’

‘ఏం లేదు. చీర, మందుగోలీలు. ఆ దినం తీస్కపోలేదేమో. రోజూ ఫుల్ ఉన్నదని నువ్వే చెప్తున్నవ్ గదా, మరి సామాన్ ఏడవోయింది అంటే, నేనట్లా ఎప్పుడన్నాను, నేనట్లా ఎప్పుడన్నాను అని ఒకటే లొల్లి. పిల్లలంత చూస్తుండ్రు. జర సుత శరం లేదు.’

వచ్చిన పని అడక్కుండానే బయటపడ్డాను. ఆవిడ దొంగ కాదని నాకు తెలిసి కాదు. ఆవిడ ఏమందో నేను వినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి మెసేజ్ నొక్కాను.

‘అమ్మా, నేనమ్మా, వంటావిడ్ని. బియ్యం నిండుకున్నాయమ్మా. కందిపప్పు కూడా నిండుకుంది. నూనె రేపటికి వస్తుందేమో చూడాలి. ఉంటానమ్మా.’

రెండోది. నిండుకుంది. మూడోది. నిండుకున్నాయి. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. నేను అక్కడే కూర్చుని వింటూనే ఉన్నాను. మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా ఇంట్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగిపోదు, పెరుగుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. వంటింట్లో నిలబడి ‘లేవు’ అంటే పైన తథాస్తు దేవతలుంటారని మా అమ్మ నా నోరు మూసేది. మిగతా ఐదుగురు వంటవాళ్లూ ఒడిసినయ్ అనో, ఖతమైనయ్ అనో, అయిపోయినయ్ అనో అన్నారు. సాఫ్ట్‌వేర్‌కి అవన్నీ తెలిశాయి. అన్నం పెట్టే చోట అశుభం పలకకూడదనుకున్న ఒక్క మనిషీ దొంగయింది. ఆ మాట సాఫ్ట్‌వేర్‌కి తెలియకపోవడంలో వింత లేదు. తెలిసిన చెవులు నావి, అవి ఎక్కడ పెట్టుకున్నానో నాకే తెలియదు.

మర్నాడు గైడ్ గదికి వెళ్లి ఒక మెసేజ్ వినిపించాను. ఆయన నవ్వారు. మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడారు. ‘ఓర్నీ! మా అమ్మ కూడా అలాగే అనేది.’

‘అయితే కంపెనీకి ఇవాళే రాద్దామండీ. ఆవిడ్ని తీసేశారు.’

నవ్వు ఆగింది, ఇంగ్లీషు మళ్లీ వచ్చేసింది. పేపర్ రివ్యూలో ఉందన్నారు. ఒక్క మాట వల్ల మోడల్‌కి వచ్చిన నష్టమేమీ లేదన్నారు. పరిమితుల గురించి రాసే పేరాలో అనువాదం గురించి ఒక వాక్యం కలుపుదామన్నారు. నేను కదలకపోయేసరికి సొరుగులోంచి ఆ పట్టీ తీశారు. నేనొస్తానని తెలిసి సిద్ధంగా పెట్టుకున్నట్టే ఉంది.

‘ఇది నీ సంతకమేగా?’

‘నాదే.’

‘వచ్చే నెల నీ ప్రీ-సబ్మిషన్ సెమినార్. అది గట్టెక్కకపోతే థీసిస్ ఇవ్వలేవు. ఇప్పుడు డేటా తప్పంటే తప్పు ఎవరిదవుతుందో ఆలోచించుకో,’ అని మళ్లీ తెలుగులోకి దిగారు. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఆవిడకి అమీర్‌పేటలో వంటపని దొరక్కపోతుందా?’

ఆ మనిషిని ఆ క్షణంలో అసహ్యించుకున్నంతగా నేను ఎవర్నీ అసహ్యించుకోలేదు. ఆ కోపంలో ఏం చేశానో కూడా చెప్పాలి. ఏమీ చెయ్యలేదు. బయటికొచ్చి సెమినార్‌కి స్లైడ్లు తయారుచేసుకున్నాను. సెమినార్ వచ్చే నెల నుంచి ఆ పై నెలకి వెళ్లింది. ఎవరో ప్రొఫెసర్‌కి ఆరోగ్యం బాగాలేదని ఇంకో మూడు వారాలు జరిగింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. సరుకు చేరడంలో ఆలస్యం మీద థీసిస్ రాస్తున్నదాన్ని, ‘మీరు దొంగ కాదు’ అనే ఒక్క ముక్కని పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి, మెట్రోలో ఒక్క స్టేషన్ దూరానికి, పంపలేకపోయాను. రోజూ రాత్రి పడుకునే ముందు గైడ్‌ని తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటే నిద్ర పట్టేది. అదీ నా నిజాయితీ.

సెమినార్ గట్టెక్కిన మర్నాడు కంపెనీకి ఉత్తరం రాశాను. తప్పు నాదేనని, ఆ సంతకం నాదేనని, ఆవిడ రోజూ నిజమే చెప్పిందని. గైడ్‌కీ ఒక కాపీ పెట్టాను. ఆయన నాలుగో వంటింటిని కోసేసి, నా పేరు కూడా కోసేసి, పేపర్‌ని ఇంకోచోటికి పంపుకున్నారు. నాకు గైడ్‌గా ఉండనని కాలేజీకి రాసిచ్చారు. ఆ సెమినార్ కూడా చెల్లలేదు. దేనికోసం నోరు మూసుకున్నానో అదీ పోయింది. నా థీసిస్ ఇప్పటికీ ఎవరి బల్ల మీదో ఉంది. దానికి నేను ఏడవడం లేదు.

మేనేజర్ ఫోన్ చేశాడు. ‘గట్లనా మేడం? మరి అయిపోయినయ్ అని సక్కగ చెప్తే అయిపోతుండె గదా! సరే, రమ్మనుండ్రి. గిప్పుడున్నామె సుత ఉప్పు బాగేస్తుంది.’

ఆవిడ బోరబండలో ఒక్క గదిలో అద్దెకుంటోందని హాస్టల్ వాచ్‌మన్ చెబితే వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతోంది. ఎక్కడో టిఫిన్ సెంటర్లో పని దొరికిందట. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనలేదు. జరిగింది మొత్తం నిలబడే చెప్పాను.

‘ఇంగ్లీషులో ఏంటని రాశారు?’ అంది.

‘ఫుల్ అని.’

‘ఫుల్ అంటే నిండా ఉందనేగా?’

‘అవునండీ.’

‘మీరు తెలుగోళ్లే కదమ్మా. మీ అమ్మగారు ఏమంటారు బియ్యం నిండుకుంటే?’

‘నిండుకున్నాయనే అంటుంది.’

ఆవిడ కాసేపు గోంగూర తుంచుకుంది. ‘మళ్లీ పనిలోకి రమ్మంటున్నారండీ,’ అన్నాను ఆశగా.

‘పనెవడిక్కావాలి? పని నాకుంది. ఆ రోజు ఆ హాల్లో, ఆడపిల్లలందరూ ప్లేట్లు పట్టుకుని చూస్తుండగా నా సంచీ బోర్లించాడు. కూతుళ్లలాగా చూసుకున్నాను నేను వాళ్లని. జ్వరమొస్తే జావ కాచి మంచం దగ్గరకి తీసుకెళ్లాను. నన్ను చూసి ఒకమ్మాయి తన గది తాళం వేసుందో లేదో చూసుకోటానికి వెళ్లిందమ్మా.’ గోంగూర పక్కన పెట్టింది. ‘మీరు రండి. ఆ హాల్లోనే, టిఫిన్ వేళకే, వాళ్లందరి ముందూ చెప్పండి. ఇంకేం అక్కర్లేదు నాకు.’

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఇద్దరం వెళ్లాం. ఆవిడ మంచి నేత చీర కట్టుకుంది, పూలు పెట్టుకుంది. హాలు నిండా అమ్మాయిలు, ఉప్మా ప్లేట్లు, ఒళ్లో లాప్‌టాప్ సంచులు. మేనేజర్ ఓ పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. నేను గొంతు సవరించుకుని మొత్తం చెప్పాను. రిపోర్ట్ తప్పని, తప్పు నాదని, ఈవిడ ఇక్కడి నుంచి ఒక్క గింజ కూడా తీసుకెళ్లలేదని.

అమ్మాయిలు మర్యాదగా విన్నారు. కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి పిన్నిగారి వైపు తిరిగి, ‘ఆంటీ, మీరు కొత్తగా వచ్చారా?’ అని అడిగింది.

ఆవిడ హాలంతా ఒకసారి చూసింది. ఒక్కో ముఖాన్నీ వరసగా, మెల్లగా చూసింది. నేనూ చూశాను. అప్పటికి గానీ నాకు తట్టలేదు. అమీర్‌పేటలో కోర్సు మూడు నెలలు. అది అవగానే హాస్టల్ ఖాళీ చేసి ఉద్యోగాలకి బెంగళూరో పూణేనో వెళ్లిపోతారు, కొత్త బ్యాచ్ దిగుతుంది. నేను స్లైడ్లు చేసుకుంటూ కూర్చున్న రోజుల్లో హాలంతా మారిపోయింది.

‘ఆ రోజు చూసినవాళ్లు ఏరమ్మా?’ అంది.

‘వెళ్లిపోయారండీ. కోర్సులయిపోయి.’

‘అందరూనా?’

‘అందరూ.’

తల ఊపింది. చెప్పులు వేసుకుని మెట్ల దాకా నడిచింది. నేను వెనకాలే వెళ్లబోతే చెయ్యెత్తి ఆపింది.

‘అయితే వాళ్లకి నేనింకా దొంగనే,’ అని కిందకి దిగిపోయింది.