రెండు రంగుల గ్లాసు

కంటి పరీక్ష కోసం కిందటి నెల హైదరాబాదు వెళ్లినప్పుడు మా మేనకోడలు నన్నో పెద్ద హోటలుకి తీసుకెళ్లింది. ఎన్నో అంతస్తో లెక్కపెట్టలేదు గానీ, లిఫ్టులో చెవులు దిబ్బళ్లు పడ్డాయి కాబట్టి ఎత్తు బాగానే ఉండాలి. డాక్టరు కళ్లలో చుక్కలు వేసి పంపిస్తే, ఈ హోటలువాళ్లు దీపాలు కూడా తగ్గించి కూర్చోబెట్టారు; ఎదురుగా ఉన్నది పప్పో పాయసమో నోట్లో పెట్టుకుంటే గానీ తెలియలేదు. మెనూ కార్డు అడిగితే, బల్ల మీద అతికించిన నలుపు తెలుపు గళ్ల బిళ్లకి ఫోను చూపించమన్నారు. మన ఈడువాళ్లం ఇలాంటి చోట ఏం చేస్తాం, పిల్లలకి అప్పజెప్పి చేతులు కట్టుకు కూర్చుంటాం. అక్కడ చింతపండు, మిరియాలు, కరివేపాకు వేసిన కాక్‌టెయిల్ ఒకటి మహా గొప్పదట, పక్క బల్లవాళ్లకి దాన్ని పొగ పెట్టి మరీ ఇచ్చారు. మా ఇంట్లో దాన్ని చారు అంటాం, జలుబు చేస్తే తాగుతాం అన్నాను. మా మేనకోడలు పడీపడీ నవ్వింది.

ఆ పిల్ల మా చెల్లెలి కూతురు. భిలాయి పక్కనున్న చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది, తెలుగు కంటే హిందీ ధారాళం. తనకోసం తెప్పించుకున్న గ్లాసులో కింద ఎరుపు, పైన పసుపు, రెండూ కలవకుండా మధ్యలో గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. అది వచ్చీ రాగానే స్ట్రాతో గిరగిరా తిప్పేసి సగం తాగేసింది. నేను గుడ్లప్పగించి చూస్తుంటే, "ఏటి మావయ్యా, అలా చూస్తున్నారు? ఇందులో దారూ ఏం లేదు, మీరూ తాగండి నా!" అంది. నేను వద్దన్నాను. ఏడుపొచ్చింది, చుక్కల మందు మంటగా ఉందని చెప్పి రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు మేం భిలాయిలో ఎలా తినేవాళ్లమో చెప్పాలి. నేను పనిచేసింది అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో, ఉక్కు కరిగించే విభాగంలో; దాన్ని షాపు అనేవాళ్లం. కొలిమిలోంచి ఉక్కు దించే వేళ మన ఆకలి చూసి రాదు. కొలిమి దగ్గరివాళ్లు కేకేసేలోపు డబ్బా తెరవాలి, నాలుగు ముద్దలు లోపలికి తొయ్యాలి, మూత పెట్టాలి. మేం తినే గదిలో ఉన్నవి రెండే బెంచీలు. తిన్నవాడు మరుక్షణం లేచి బయటికి వెళ్లిపోవాలి, వెనకవాడు కూర్చోవాలి కాబట్టి. తిన్నాక కూడా బెంచీకి అంటుకుపోయి కబుర్లాడేవాణ్ణి మా షాపులో మనిషి కింద చూసేవారు కాదు. చేరిన కొత్తలో నాకూ ఒకటి రెండుసార్లు అక్షింతలు పడ్డాయి, తరవాత ఎంత బాగా నేర్చుకున్నానంటే ఎనిమిది నిమిషాల్లో భోజనం ముగించి, లేచి, చెయ్యి కడుక్కుని, గుమ్మం బయట నిలబడి ఊపిరి పీల్చుకునేవాణ్ణి. అదొక మర్యాద అనుకునేవాణ్ణి.

మా ఆవిడది విజయనగరం. పదిమంది ఆడవాళ్లున్న ఇంట్లో పెరిగింది. మగాళ్లకి పెట్టడం అయ్యాక వాళ్లంతా గుండ్రంగా కూర్చుని, ముద్దముద్దకీ ఓ కబురు చెప్పుకుంటూ, చేతులు ఎండిపోయేదాకా తినేవారట. అలాంటి మనిషిని తెచ్చి సెక్టర్ ఆరులో రెండు గదుల క్వార్టర్లో పెట్టాను. వారానికో షిఫ్టు, పూటకో వేళ. నేను తిని సైకిలెక్కి వెళ్లిపోయేవాణ్ణి, తరవాత ఆవిడ కంచం పట్టుకుని బయట మెట్ల మీద కూర్చునేది. పక్క క్వార్టర్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటావిణ్ణి నేను అక్కా అనేవాణ్ణి, మా ఆవిడ వదినా అనేది. వాళ్లాయనదీ షిఫ్టు డ్యూటీయే. ఆవిడా కంచం పట్టుకుని వచ్చేది. ఆ మెట్ల మీద ఇద్దరూ గంటకి తక్కువ తినేవారు కాదు. మాకు పిల్లలు లేరు; ఇంట్లో అల్లరి లేని లోటు ఆ గంటలో తీర్చుకునేది కాబోలు.

ఏడాదికి రెండు మూడుసార్లు కొలిమి ఇటుకల తనిఖీకి నన్ను కలకత్తా, బొంబాయి పంపేవారు. పని అయ్యాక నేనూ మా తోటి ఇంజనీరూ పెద్ద హోటళ్లలో ఓ పూట తినేవాళ్లం. ఇంటికి రాగానే మా ఆవిడ నా చేత అంతా చెప్పించుకునేది, నేనూ పెద్ద తెలిసినవాడిలా తీర్పులిచ్చేవాణ్ణి. బొంబాయివాళ్లు కూరలో పంచదార వేస్తారు, అదో రోగం. ఫలానా హోటల్లో సూపు అంటే వేణ్ణీళ్లకి పిండి పట్టించడం. కాక్‌టెయిల్ అంటే మంచి మద్యాన్నీ మంచి పళ్లరసాన్నీ కలిపి రెండింటినీ పాడు చేసే విద్య. కలకత్తాలో ఓ చోట నాకు రెండు రంగులది ఇచ్చారని చెప్తే మాత్రం ఆవిడ కళ్లింత చేసుకుంది. రెండూ నీళ్లే కదా, ఎందుకు కలిసిపోవు అని అడిగింది. కరిగిన ఉక్కు మీద స్లాగు తెట్టులా తేలడం లేదూ, అలాగే, బరువైంది కిందుంటుంది అని చెప్పాను. అర్థమైందన్నట్టు తలూపింది గానీ, "ఒక్కసారి సూడాలండీ," అంది. ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నా ఎరికలో అదే మొదలు, అదే ఆఖరు.

తీసుకెళ్లాను. ఎన్నేళ్లకో తెలుసా, మా పెళ్లయిన పద్దెనిమిదో ఏట! వాళ్ల తమ్ముడు కలకత్తాలో ఇల్లు కొనుక్కున్నాడు, గృహప్రవేశానికి వెళ్లాం. మర్నాడు మధ్యాహ్నం ఆవిణ్ణి ఆ హోటలుకే తీసుకెళ్లాను. ఆవపువ్వు రంగు పట్టుచీర కట్టుకుంది. తెల్లగుడ్డ పరిచిన బల్లకి అటు ఆవిడ, ఇటు నేను. అప్పుడనిపించింది, మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని తినబోవడం ఇదే మొదటిసారని. అనిపించి ఊరుకుంది, బుర్రకెక్కితే కదా! మద్యం లేకుండా ఆ రెండు రంగులదీ చేసిపెట్టమని చెప్పాను, తెచ్చిపెట్టారు. ఆవిడ గ్లాసుని ముట్టుకోలేదు, తల ఇటూ అటూ వంచి చూస్తూ కూర్చుంది. వెలుగులో దాని ఎర్రటి నీడ బల్లగుడ్డ మీద పడింది. తాగవే అన్నాను. ఆఖర్న తాగుతానంది. తరవాత నాకు కోడికూర, ఆవిడకి చేప వచ్చాయి. చేపలో ముళ్లు ఎక్కువ. ఆవిడ ముల్లు తీసి పక్కన పెట్టుకుంటూ వాళ్ల చిన్నత్తగారి చేపల పులుసు గురించి మొదలెట్టింది, ఊఁ కొడుతూ నేను తినేశాను. తినేసి లేచాను. చెయ్యి కడుక్కున్నాను, దారిలో కౌంటరు దగ్గర డబ్బు కట్టేశాను. అలవాటు కాళ్లలో ఉంటుంది కాబోలు, తిన్నగా గుమ్మం దాటి ఫుట్‌పాత్ మీద నిలబడి ట్రాములు చూస్తూ ఊపిరి పీల్చుకున్నాను.

కాస్సేపటికి ఆవిడా వచ్చింది, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. అప్పుడే అయిపోయిందా అన్నాను. "ఆఁ, అయిపోయిందండీ. సేనా బాగుంది," అంది. నేను నమ్మాను. మనకి అనుకూలంగా ఉన్నదాన్ని నమ్మడానికి కష్టమేముంది! ఆ సాయంత్రం రైలెక్కగానే సంచీలోంచి మరమరాలు తీసి గబగబా తింటుంటే, అంత పెద్ద హోటల్లో తిన్నాక కూడా ఈ ఆకలేమిటే అని ఎగతాళి చేశాను. నవ్వింది.

ఇంటికొచ్చాక మెట్ల మీద అయిదారుగురు ఆడవాళ్లని పోగేసి ఆ హోటలు కథ చెప్పింది. నేను లోపల పడుకుని వింటున్నాను. ఆ గ్లాసు రుచి ఎలా చెప్పిందంటే, పైన నిమ్మకాయలా పుల్లగా ఉందట, కిందకి పోయేకొద్దీ తియ్యగా వచ్చిందట, అడుగున దానిమ్మ వాసనట. మా ఆయన పక్కనే కూర్చుని ఆఖరి చుక్కదాకా తాగించాడని కూడా చెప్పింది. నా ఛాతీ ఉబ్బింది. మర్నాడు షాపులో నేనూ గొప్పలు పోయాను.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. వాళ్లాయన రిటైరయ్యాక అప్పటికే వైజాగు వెళ్లిపోయిన పక్కింటి అక్క కబురు తెలిసి వచ్చింది, పదో రోజుదాకా ఉండిపోయింది. వెళ్లే ముందు నా ఎదుట కూర్చుని, "సెప్పకూడదనుకున్నాను తమ్ముడూ, కానీ నాకాడ దాసుకోలేకపోతన్నాను. నా మరదలు ఆ కలకత్తా గ్లాసు ముట్టుకోనేదు. నువ్వు లేసెళ్లిపోయావట. ఆ బేరా ఒచ్చి ఇంగ్లీషులో ఏటో అడిగాడట. అంతమందిలో ఒక్కర్తీ కూకోలేక సేప సగంలో ఒదిలేసి నీ ఎనకాల ఒచ్చీసిందట. అందరికీ ఆ మాట సెప్తే నీకు నామోషీ అని తాగినట్టు సెప్పింది. నాకొక్కదానికే సెప్పింది నిజం," అంది.

కోపం వచ్చింది నాకు. ముందు అక్క మీద వచ్చింది, ఎందుకు చెప్పావని. తరవాత మా ఆవిడ మీద, ఒక్క కేక వేస్తే వెనక్కి వచ్చి కూర్చోనా అని. మిగిలింది ఎవరి మీదో మీకు చెప్పక్కర్లేదు. కలకత్తాలో షిఫ్టు లేదు, ఫ్యాక్టరీ హూటరు కూత లేదు, బెంచీ కోసం వెనక ఎవడూ నిలబడి లేడు. పోనీ అది అలవాటు, పొరపాటు అనుకుందాం. రిటైరయ్యాక ఏడేళ్లు ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే వేళకి తిన్నాం కదా, అప్పుడెవరు ఆపారు? ఎనిమిది నిమిషాల్లో తినేసి నేను పేపరు పట్టుకుని వరండాలోకి పోయేవాణ్ణి. ఆవిడ టీవీ పెట్టుకుని తినేది. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ చూడలేదు.

రిటైరయ్యాకా నేను లీజుకి ఉండిపోయిన మా సెక్టరులో ఇప్పుడు సగం క్వార్టర్లకి తాళాలే. ఉన్నవాళ్లు ఫోనులో నొక్కితే మోటారుసైకిలు మీద బిర్యానీ గుమ్మం దగ్గరికి వస్తుంది, తలుపు తీసి అందుకుని మళ్లీ వేసుకుంటారు. మెట్ల మీద కంచం పట్టుకుని కూర్చునేవాళ్లని చూసి ఎన్నాళ్లయిందో. కంచంలో ఏముందని ఒకరినొకరు అడగడం కూడా పోయింది.

కిందటి చలికాలం నాకు కింది పళ్లన్నీ పీకేశారు. కట్టుడు పళ్లు ఇంకా కుదురుకోలేదు, నాలుగు మెతుకులు నమలడానికి ముప్పావు గంట పడుతోంది. వండిపెట్టే అమ్మాయి గిన్నెలు కడిగేసుకుని వెళ్లిపోతుంది, నేనింకా నములుతూనే ఉంటాను. ఈపాటికి మా ఆవిడే ఉంటే, ఈ ఇంట్లో మొదటిసారి తన భోజనం నాకంటే ముందు అయ్యేది. అయినా లేచేది కాదు. నా ఆఖరి ముద్ద దాకా, చెయ్యి ఎండిపోతున్నా సరే, ఏదో ఒక కబురు చెబుతూ అక్కడే కూర్చునేది.